సూదక్క కడిగిన సూదులు

అక్కకు ఆ ఉద్యోగం ఇప్పించింది చెల్లెలే. ఆ సంగతి ఇంట్లో ఎవరూ మరిచిపోకుండా చూసుకున్నదీ చెల్లెలే.

అక్క అంతకుముందు పద్దెనిమిదేళ్లు ఒక కళ్లద్దాల కార్ఖానాలో పనిచేసింది. అద్దాలు అరగదీయడం, మెరుగు పెట్టడం, అంచులు సరిచేయడం ఆమె పని. చెల్లెల్ని చదివించడానికి తన చదువు మానుకుందని బంధువులు ఎక్కడ కలిసినా కథలా చెప్పుకునేవారు. నిజానికి ఆమె లెక్కల్లో రెండుసార్లు తప్పింది. మూడోసారి రాయమంటే, "ఆ లెక్కలకి నామీద పగుంది, నన్నొదిలెయ్యండి" అని కార్ఖానాలో చేరిపోయింది. చేరాక ఆ పనే ఆమెకు ప్రాణమైంది. యజమానికి వయసు మీదపడి కార్ఖానా మూసేసిన వారం ఆమెకు ఏమీ తోచలేదు. ఇంట్లో ఉన్న గాజు సామానంతా ముందేసుకుని తోముతూ కూర్చుంది. లిఫ్టులు బాగుచేసే బావకు భయం పట్టుకుని మరదలికి ఫోన్ చేశాడు.

"మరదలా, మీ అక్కకి ఏదన్నా పని చూసిపెట్టు తల్లీ. నిన్న అలమర అద్దాలయ్యాయి, ఇవాళ నా కళ్లజోడయింది. రేపిక మిగిలింది నేనే."

అప్పటికి చెల్లెలు విశ్వవిద్యాలయంలో సొంత ప్రయోగశాల పెట్టుకుని రెండేళ్లయింది. వీధిలో అందరూ డాక్టరమ్మ అంటారు. జ్వరమొస్తే మాత్ర అడుగుతారు. తాను ఆ డాక్టర్ని కాదని చెప్పీ చెప్పీ విసిగిపోయి, చివరికి నీళ్లు బాగా తాగమని చెప్పి పంపేస్తుంది.

ఆమె పనంతా సూదులతో. కుట్టుపని సూదులు కావు. వెంట్రుకలో పదో వంతు మందముండే కార్బన్ పోగును సన్నని గాజు గొట్టంలోకి ఎక్కించి, గొట్టాన్ని వేడిచేసి లాగితే గాజు సాగి పోగును బిగించి పట్టుకుంటుంది. కొసన పోగు మొన మాత్రమే బయటికి ఉంటుంది. ఆ మొనను మెదడు కణాల పక్కన పెడితే అవి ఒకదానికొకటి పంపుకునే డోపమిన్ లాంటి రసాయనాల జాడ తెలుస్తుంది. రసాయనం మొనను తాకినప్పుడు అందులోంచి ఎలక్ట్రాన్లు కార్బన్ మీదికి దాటుతాయి. ఆ పిసరంత కరెంటును యంత్రం కొలుస్తుంది. చిక్కంతా ఆ దాటడంలోనే ఉంది. ఒకే పోగు, ఒకే గాజు, ఒకే చెయ్యి అయినా, మొన పైపొరలో తేడా ఉంటే ఒక సూది మీద ఎలక్ట్రాన్లు చకచకా దాటేస్తాయి, ఇంకో సూది దగ్గర నసుగుతూ నిలబడిపోతాయి. తెర మీద రెండు గీతలు వస్తాయి, ఒకటి పైకి లేస్తుంది, ఒకటి కిందికి దిగుతుంది. ఆ రెండూ దగ్గరగా ఉంటే సూది మంచిది. దూరం జరిగితే పనికిరానిది.

పైపొరను మార్చడానికి చెల్లెలు ఒక పద్ధతి ఆలోచించింది. సూది మొనను ఉప్పునీళ్లలో ముంచి, లెక్క ప్రకారం వోల్టేజి పెట్టి, కొన్ని క్షణాలు ఉంచి తీయడం. ప్రయోగశాలలో దానికి కరెంటు స్నానమని పేరు పెట్టుకున్నారు.

అక్క చేరిన మొదటి రోజు వరండాలోనే ఆపి చెల్లెలు చెప్పింది. "అక్కా, ఇక్కడ నన్ను పేరు పెట్టి పిలవకు. నలుగురూ ఉంటారు."

"మరేమని పిలవను?"

"అందరూ మేడమ్ అంటారు."

అక్క నవ్వాపుకుని, "అలాగే మేడమ్" అంది. ఆ రోజు నుంచి ఆ గుమ్మం దాటాక ఒక్కసారి కూడా తప్పు పలకలేదు.

అంతకుముందు ఎవరు చేసినా పది సూదుల్లో ఆరు విరిగేవి. అక్క చేతిలో ఒకటి విరిగితే గొప్ప. మోచేతుల కింద రెండు చిన్న దిండ్లు పెట్టుకుని, సూక్ష్మదర్శిని మీదికి వంగి, ఊపిరి బిగబట్టి మొన కోసేది. తన గది తలుపుకు ఒక కాగితం అతికించింది: "తుమ్ము వచ్చేలా ఉంటే బయటే తుమ్మి రండి." నెల తిరక్కుండానే అందరికీ సూదక్క అయిపోయింది. వయసులో పెద్దవాళ్లు కూడా సూదక్కా అనే పిలిచేవారు.

ఆమె సూదులు వచ్చాక చెల్లెలి ఫలితాలు మారిపోయాయి. తెర మీద గీతలు దగ్గరకొచ్చాయి. ఒకసారి కాదు, వారం తర్వాత వారం అదే తీరు. కరెంటు స్నానం ఫలించిందని చెల్లెలు పొంగిపోయింది. రెండేళ్లలో పెద్ద వ్యాసం అచ్చయింది. సభలకు పిలుపులొచ్చాయి. ప్రతి సభలోనూ వోల్టేజి ఎంత, ఎన్ని క్షణాలు, ఏ ఉప్పు అని అడిగేవారు. చెల్లెలు అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేది.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం అక్కావాళ్లింటికి భోజనానికి వెళ్లింది. అక్క కూరగాయలు తరుగుతోంది. చెల్లెలు వంటగది గట్టు మీద కూర్చుని ఫోన్లో ఎవరికో ఉత్తరం రాస్తోంది.

"ఏమే, నీకో మాట చెప్పాలి. మీరు సూదులు కడగడానికిచ్చే స్పిరిట్ ఉందే, అది మంచిది కాదు. ఆరాక సన్నటి పొర మిగుల్తోంది. పక్కనుంచి వెలుగులో చూస్తే తెలుస్తుంది."

"ఊఁ."

"కార్ఖానాలో మా పెద్దాయన దాన్ని బొగ్గు గింజల మీద పోసి రాత్రంతా ఉంచేవాడు. ఆ బొగ్గు మురికంతా లాగేసేది. నేనూ అలాగే చేసి, పైపైన తేరుకున్నది తీసి అందులో అరగంట నానబెడుతున్నాను. చేరిన మొదటి నెల నుంచీ అంతే. పర్లేదు కదా?"

"ఆఁ ఆఁ. నీ ఇష్టం అక్కా."

"విన్నావా?"

"విన్నానంటున్నాగా. ఉప్పు తక్కువెయ్యి, బావకి బీపీ."

అక్క మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

వ్యాసం అచ్చయిన ఏడాదికి ఇంకో ఊరి విశ్వవిద్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. రాసినాయన ఆ రంగంలో తలపండిన ఆచార్యుడు. మర్యాదగానే రాశాడు. మీరు చెప్పినది అక్షరం పొల్లుపోకుండా చేశాం, మాకు ఆ ఫలితం రావడం లేదు, మాకే కాదు ఇంకో రెండు చోట్ల కూడా రావడం లేదు, ఏదైనా రాయకుండా వదిలేశారేమో చూడగలరా, అని అడిగాడు.

చెల్లెలికి తల తీసేసినట్టయింది. అబద్ధాలు రాశారని ఆయన అనలేదు గానీ, నాలుగు రోజుల్లో ఆ మాట అనేవాళ్లు బయల్దేరతారని ఆమెకు తెలుసు. ప్రయోగశాలలో ఉన్న అందర్నీ కూర్చోబెట్టి, ప్రతి మెట్టూ తన కళ్ల ముందు చేసి చూపించమంది. కొత్తగా చేరిన పరిశోధకురాలు చేసిన సూదులకు కరెంటు స్నానం చేయిస్తే గీతలు దూరంగానే ఉన్నాయి. అక్క చేసినవాటికి దగ్గరగా వచ్చాయి. మళ్లీ చేశారు. మళ్లీ అంతే.

చెల్లెలు విసవిసా అక్క గదిలోకి వెళ్లింది. వెనకాలే నలుగురైదుగురు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. బల్ల కింద వెడల్పు మూతి సీసా ఒకటి ఉంది. అడుగున నల్లటి గింజలు, పైన తేటగా స్పిరిట్.

"ఏంటిది?"

"బొగ్గు గింజలు మేడమ్. స్పిరిట్ శుభ్రం చెయ్యడానికి."

"పద్ధతి కాగితంలో ఇది ఉందా?"

"లేదు. కానీ నీకు..." అక్క సర్దుకుంది. "మీకు చెప్పాను మేడమ్."

"నాకా? ఎప్పుడు చెప్పావు? మూడేళ్ల నా కష్టం నీ బొగ్గులో పోశావు! ఇది కళ్లజోళ్ల కొట్టనుకున్నావా, తోచినట్టు తోముకోడానికి? రేపు నన్ను దొంగంటారు, తెలుసా నీకు? చదువు లేకపోతే లేకపోయింది, చెప్పింది చెప్పినట్టు చేసే బుద్ధయినా ఉండక్కర్లేదా?"

గుమ్మంలో ఒకరు తల దించుకున్నారు. అక్క ముఖం ఎర్రబడింది. అప్పుడే కోస్తున్న సూదిని విరగకుండా తీసి పెట్టెలో పెట్టింది. మూత వేసింది. మోచేతుల కింది దిండ్లు రెండూ సంచిలో వేసుకుని, చెల్లెలి పక్కనుంచి, గుమ్మంలో వాళ్లు దారివ్వగా వెళ్లిపోయింది.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. చెల్లెలు ఫోన్ చేయలేదు.

తర్వాతి రెండు నెలలు ప్రయోగశాల మొత్తం ఇదే పని మీద ఉంది. సూదుల్ని నాలుగు వరసలుగా విడగొట్టారు. ఏమీ చేయనివి ఒక వరస, కరెంటు స్నానం మాత్రమే చేయించినవి ఒక వరస, బొగ్గు మీద శుద్ధి చేసిన స్పిరిట్లో నానబెట్టినవి ఒక వరస, రెండూ చేసినవి ఒక వరస. కొలతలన్నీ ఒక్క కాగితం మీదికి వచ్చిన మధ్యాహ్నం చెల్లెలు తన గది తలుపు వేసుకుని దాన్ని చాలాసేపు చూసింది.

కరెంటు స్నానం ఒక్కటే చేస్తే లాభం అంతంతమాత్రం. అది కూడా ఒక్కో సూదికి ఒక్కోలా. నానబెట్టిన వరసలో మాత్రం, అక్క సూదులంత కాకపోయినా, గీతలు దగ్గరకొచ్చాయి. రెండూ చేసినవి వాటికంటే కాస్త మెరుగు, అంతే. మామూలు స్పిరిట్లో ఉండే మురికి మొన మీద పొరలా అంటుకుని ఎలక్ట్రాన్లకు అడ్డం పడుతోంది. అక్క ఆ పొరను తీసేసింది. దేశదేశాల్లో తాను చెప్పుకు తిరిగిన వోల్టేజీలూ క్షణాలూ అక్క కడిగిన సూదుల మీద చేసిన సోకులు.

వంటగది గట్టు మీద తాను కూర్చున్న ఆదివారం అప్పుడు గుర్తొచ్చింది. విన్నావా అని అక్క అడగడం, విన్నానంటున్నాగా అని తాను కసురుకోవడం మాటకు మాట చెవిలో వినపడ్డాయి. చెల్లెలికి కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా ఆ రోజు కూడా ఫోన్ చేయలేదు. ముందు పత్రికకు సవరణ పంపాలి, ఆ తర్వాత ప్రశాంతంగా మాట్లాడదాం అనుకుంది.

సవరణలో మొదట ఇలా రాసింది: "ఈ శుద్ధి పద్ధతిని ప్రవేశపెట్టింది మా ప్రయోగశాలలో సూదులు తయారుచేసే టెక్నీషియన్." కింద అక్క పేరు కూడా రాసింది. చదువుకుంది. తన ప్రయోగశాలలో ఏం జరుగుతోందో తనకే తెలియదని ఒప్పుకున్నట్టుంది. పేరు తీసేసింది. మళ్లీ చదువుకుని వాక్యమే తీసేసింది. చివరికి పంపిన దాంట్లో "అదనంగా ఒక శుద్ధి దశ ఉన్నట్టు తదుపరి పరిశీలనలో గుర్తించడమైనది" అని మాత్రం ఉంది. ఎవరు గుర్తించారో, ఎవరు చేశారో, ఆ వాక్యంలో మనిషన్నవాళ్లే లేరు.

సవరణ చదివి ఆ ఆచార్యుడు మళ్లీ రాశాడు. చాలా సంతోషం, మాకిప్పుడు సగం దాకా వస్తోంది, మీకొచ్చినంత రావడం లేదు, ఒకసారి వచ్చి చూడవచ్చునా అని. చెల్లెలి దగ్గర కూడా సగమే వస్తోంది. ఆ మిగిలిన సగం ఎవరి చేతిలో ఉందో అందరికీ తెలుసు.

ఆ సాయంత్రం అక్కావాళ్లింటికి వెళ్లింది. తలుపు తీసింది బావ.

"ఓహో, మరదలా! దారి తప్పావా, లిఫ్టు చెడిపోయిందా?"

"అక్కుందా బావా?"

బావ నవ్వు తగ్గించాడు. "ఉంది. చూడు, మన మధ్య వేళాకోళాలెప్పుడూ ఉండేవే. కానీ ఆ రోజు అది ఇంటికొచ్చి నీళ్లు కూడా తాగలేదు. ఏమయిందంటే చెప్పలేదు. నీమీద ఒక్క మాట పడనివ్వలేదు. అదీ సంగతి. లోపలికెళ్లు."

అక్క అప్పటికి ఒక కళ్లజోళ్ల దుకాణంలో చేరింది. ఫ్రేములకు మరలు బిగించడం, కాడలు వంచి సరిచేయడం. చెల్లెలు ఎదురుగా కూర్చుని జరిగిందంతా చెప్పింది. నాలుగు వరసల సంగతి, కొలతల సంగతి. సవరణలో తీసేసిన వాక్యం సంగతి చెప్పలేదు.

"అయితే ఆ పొర నిజమేనన్నమాట," అంది అక్క. ముఖంలో ఒక్క క్షణం వెలుగొచ్చింది. "నేనే ఎక్కువ ఊహించుకుంటున్నానేమో అనుకున్నా."

"నువ్వు చెప్పావక్కా. ఆ రోజు వంట చేస్తూ. నేనే వినలేదు. తప్పు నాదే."

అక్క లేచి ఆమెకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

"ఆ ఉత్తరం రాసిన ఆచార్యులు వస్తున్నారు. ఒక్కరోజు వచ్చి చూపిస్తావా?"

"వస్తాను. కానీ ఒకటి. అందరి ముందూ అన్నావు నన్ను. ఇప్పుడు నాకు చెప్పిన మాట వాళ్ల ముందు కూడా అను. అంతే నేనడిగేది."

"అంటానక్కా. తప్పకుండా అంటాను."

నిజంగానే అనాలనుకుంది. దారి పొడుగునా మాటలు కూర్చుకుంది.

ఆచార్యుడు వచ్చిన రోజు గదిలో ఆరుగురున్నారు. ఆ రోజు గుమ్మంలో నిలబడ్డవాళ్లందరూ ఉన్నారు. అక్క దుకాణానికి సెలవు పెట్టి, ఇస్త్రీ బట్టలు కట్టుకుని, దిండ్లు తెచ్చుకుంది. ఆచార్యుడు నమస్కారం పెట్టి చెల్లెలి వైపు చూశాడు, పరిచయం చేస్తుందని. చెల్లెలు గొంతు సవరించుకుంది. ఆయన తెల్లని తల, చేతిలో విప్పిన పుస్తకం, రాసుకోవడానికి సిద్ధంగా ఉన్న కలం కనిపించాయి. కూర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి.

"ఈవిడ ఇదివరకు మా దగ్గర పనిచేసిన టెక్నీషియన్ అండి. సూదులు చేయడంలో మంచి నేర్పు ఉంది."

అక్క ఒక్కసారి కళ్లెత్తి చెల్లెల్ని చూసింది. తర్వాత దిండ్లు సర్దుకుని పనిలోకి దిగింది.

ఆమె చేతులు ఏమీ మరిచిపోలేదు. పోగు ఎక్కించింది, గాజు లాగింది, మొన కోసింది. ముందురోజు పోయించి ఉంచిన సీసాలోంచి పైపైన తేరుకున్న స్పిరిట్ తీసింది. సూది నానుతున్న అరగంటలో ఆచార్యుడు ఆమె పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

"ఈ బొగ్గు ఆలోచన ఎవరిదమ్మా?"

చెల్లెలు నోరు తెరిచింది. అంతకన్నా ముందే అక్క జవాబిచ్చింది.

"మా కార్ఖానా పెద్దాయనదండి. ఆయన పోయారు. నేను ఆయన దగ్గర చూసి నేర్చుకున్నానంతే."

గదిలో అందరూ విన్నారు. చెల్లెలికి భూమిలోకి కుంగిపోయినట్టనిపించింది. చదువు లేదని తాను నిందించిన మనిషి, ఎవరి సొమ్ము వాళ్లకు అప్పజెప్పడానికి క్షణం కూడా ఆలోచించలేదు.

అరగంట కాగానే అక్క సూదిని తీసి, ఒక్క అడుగులో యంత్రం దగ్గరికి చేర్చి ద్రావణంలో ముంచేసింది. గీతలు దగ్గరగా వచ్చాయి.

"అంత తొందరెందుకు?" అన్నాడు ఆచార్యుడు.

"గాలి కూడా మురికేనండి. వీళ్లు ఏ సూదైనా తీశాక బల్ల మీద పెట్టి టీ తాగి వస్తారు, నేనున్నప్పుడు నావి నేనే తెచ్చి ముంచేదాన్ని. ఈలోగా మళ్లీ పొర పట్టేస్తుంది. తీసిన సూది తీసినట్టు కొలవాలి. అద్దం తుడిచి ఊరికే ఉంచితే దుమ్ము పట్టదూ?"

ఆచార్యుడు పుస్తకం మూసేసి హాయిగా నవ్వాడు. ఏడాదిగా తాము తిప్పలుపడుతున్నది టీ వల్లనన్నమాట అన్నాడు. అంతలోనే ఆయన ముఖం మారింది. "ఇప్పుడెక్కడ పనిచేస్తున్నారమ్మా?" అని అడిగాడు. చెప్పింది. ఆయన చెల్లెలి వైపు ఒకసారి చూసి, ఇంకేమీ అడగలేదు.

పదిహేను రోజుల్లో అక్కకు ఉత్తరం వచ్చింది. ఆయన ప్రయోగశాలలో సూదుల విభాగం ఆమెకు అప్పగిస్తాననీ, రాసే ప్రతి వ్యాసంలో ఆమె చేసిన పనికి ఆమె పేరుంటుందనీ. మరి నీ పనెలాగని చెల్లెలు బావను అడిగితే, "నాకేంటి మరదలా, లిఫ్టు లేని ఊరుంటుందా? ఉన్న లిఫ్టు చెడకుండా ఉంటుందా?" అన్నాడు.

సామాన్లు ఎక్కించే రోజు చెల్లెలు వెళ్లింది. ఖాళీ అయిన గదిలో అక్క తాళాల గుత్తి లెక్కచూసుకుంటోంది.

"అక్కా, ఆ రోజు అంటానన్నాను. అనలేకపోయాను. సవరణలో కూడా నీ పేరు రాసి తీసేశాను. కోపమొస్తే నాలుగు తిట్టు. వెళ్లకు."

"నాకు కోపం లేదే," అంది అక్క నెమ్మదిగా. "కోపమైతే ఈపాటికి తగ్గిపోయేది."

చెల్లెలి భుజం మీద చెయ్యి వేసి, వేళకు తినమని చెప్పి, మెట్లు దిగింది.

ఏడాది తర్వాత ఆచార్యుడి ప్రయోగశాల నుంచి వ్యాసం వచ్చింది. రచయితల్లో రెండో పేరు అక్కది. పద్ధతి వివరించిన చోట, ఇది ఫలానా కళ్లద్దాల కార్ఖానా పెద్దాయన నుంచి ఆమె నేర్చుకుని ఇక్కడికి తెచ్చిందని రాశారు. చెల్లెలు ఆ పేజీని మూడుసార్లు చదివింది. లేచి, వారం వారం జరిగే సమావేశానికి వెళ్లింది. ఆ రోజు చర్చించాల్సినవి పక్కనపెట్టి, నిలబడి మొత్తం చెప్పింది. వంటగదిలో విననిది, గుమ్మంలో అన్నది, సవరణలో తీసేసింది, ఆచార్యుడి ముందు మింగేసింది, ఏదీ దాచలేదు.

అప్పటివాళ్లలో ఇద్దరే మిగిలారు. మిగతావాళ్లు కొత్తవాళ్లు, సూదక్కను చూసినవాళ్లు కూడా కారు. మేడమ్ ఇదంతా తమకెందుకు చెబుతోందో అర్థంకాక, ఇబ్బందిగా బల్ల కేసి చూస్తూ విన్నారు.

సాయంత్రం అక్కకు ఫోన్ చేసింది.

"అందరి ముందూ చెప్పానక్కా ఇవాళ. అంతా చెప్పాను."

"ఎవరెవరున్నారు?" అంది అక్క.

"కొత్తవాళ్లే ఎక్కువ. అప్పటివాళ్లు ఇద్దరున్నారు."

"పోన్లే. మంచి పని చేశావు." అక్క గొంతు మామూలుగానే ఉంది. "నువ్వెలా ఉన్నావు? తింటున్నావా? మీ బావ ఇక్కడో లిఫ్టులో గంటసేపు ఇరుక్కుపోయాడు, బాగుచేయడానికెళ్లి. సరే, మళ్లీ మాట్లాడతానే, నాకోసం ఇక్కడ చూస్తున్నారు."

చెల్లెలు ఫోన్ బల్ల మీద పెట్టింది. అక్క మాటల్లో నిష్ఠూరమన్నది మచ్చుకైనా లేదు. కాస్త ఉంటే బాగుండేదని, అప్పుడైతే బతిమాలుకోవడానికి ఏదో ఒకటి మిగిలేదని ఆమెకు అనిపించింది.